తప్పు జవాబు వెనక ఏముంది: తరగతి మూల్యాంకనంలో సమస్య - పరిష్కారం

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎఫ్‌ఏ (పాఠాలు జరుగుతుండగా పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం) పేపర్లు దిద్ది, మార్కులు రిజిస్టరులో ఎక్కించి, ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే నా పని అయిపోయిందని చాలా ఏళ్లు అనుకున్నాను. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడు 0.8 కన్నా 0.35 పెద్దదని రాశాడు. ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టబోతూ ఆగి, "ఎందుకు పెద్దది నాన్నా?" అని అడిగాను. "ఎనిమిది కన్నా ముప్పై అయిదు పెద్దది కదా టీచర్" అన్నాడు. వాడు గుడ్డిగా రాయలేదు, తన లెక్క ప్రకారమే రాశాడు. ఆ లెక్క ఏమిటో నేను ఎప్పుడూ అడగలేదు.

డీఎస్సీ కోసం పియాజే, వైగోట్‌స్కీ, థార్న్‌డైక్, స్కిన్నర్ లాంటి మనస్తత్వవేత్తలను మనమందరం బట్టీ పట్టినవాళ్లమే. ఉద్యోగం వచ్చాక ఆ పుస్తకాలు అటకెక్కాయి. ఆ రోజు ఇంటికెళ్లి మళ్లీ దించాను. నా తరగతిలో తరచూ ఎదురైన ఇబ్బందులు, వాటి వెనక కనిపించిన కారణాలు, పనిచేసిన మార్గాలు ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు లెక్కలవే అయినా, వేరే సబ్జెక్టు చెప్పేవాళ్లకీ దారి దొరుకుతుందని నా నమ్మకం.

సమస్య 1: ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు

లక్షణం: దశాంశాల్లో చిన్నాపెద్దా గుర్తించలేరు. బోర్డు మీద మళ్లీ చేసి చూపిస్తే తలూపుతారు. వారం తర్వాత మళ్లీ అదే తప్పు.

కారణం: పిల్లవాడి దగ్గర అప్పటికే ఒక నియమం ఉంది. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది. పూర్ణాంకాల్లో అది ఒక్కసారి కూడా తప్పలేదు. కొత్తగా వచ్చిన దశాంశాన్ని కూడా వాడు ఆ పాత చట్రంలోనే ఇరికిస్తాడు. దీన్నే పియాజే సాంశీకరణం అన్నాడు. పాత చట్రం ఇక్కడ చెల్లదని వాడే గమనించి మార్చుకుంటే అది అనుగుణ్యం. మనం సరైన పద్ధతి ఎన్నిసార్లు చెప్పినా, పాత నియమం విఫలం కావడం వాడు కళ్లారా చూడకపోతే వదులుకోడు. మన నోటి మాట కూడా ఆ తప్పుకు బలం ఇస్తోంది. 0.35ని "సున్నా పాయింట్ ముప్పై అయిదు" అని చదివేది మనమే. ముప్పై అయిదు అని వినిపించాక వాడికి ఎనిమిది చిన్నదిగానే కనిపిస్తుంది. "పాయింట్ మూడు అయిదు" అని చదవడం నేను ఆ తర్వాతే అలవాటు చేసుకున్నాను.

ఇంకో రకం పిల్లలు ఉన్నారు. వీళ్ల సంగతి తెలియడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పదో వంతు కన్నా వందో వంతు చిన్నదని, వెయ్యో వంతు ఇంకా చిన్నదని విన్నారు. కాబట్టి పాయింట్ తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే సంఖ్య అంత చిన్నదని తేల్చుకున్నారు. వీళ్లను 0.35, 0.8 అడిగితే 0.8 పెద్దదని టక్కున చెబుతారు. జవాబు సరైనదే, ఆలోచన మాత్రం తప్పు. అలాంటి జవాబులకు నేను ఎన్ని మార్కులు వేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఏం చేయాలి: ముందు ప్రశ్న మార్చండి. ఒక్క జత కాకుండా రెండు జతలు ఇవ్వండి: 0.35, 0.8 ఒకటి, 0.4, 0.625 ఇంకొకటి. పూర్ణాంకాల నియమం వాడే పిల్లలు మొదటి జతలో తప్పుతారు, రెండోది సరిగ్గా చెబుతారు. పొడవు పెరిగితే చిన్నదనుకునే పిల్లలు మొదటిది సరిగ్గా చెప్పి, రెండో జతలో 0.4 పెద్దదంటారు. రెండూ సరిగ్గా చెప్పినవాళ్లను కూడా "ఎలా తెలిసింది?" అని ఒక్క మాట అడగండి.

తర్వాత ఒక్కొక్కరికి పది వరుసలు, పది నిలువు గళ్లు ఉన్న కాగితం ఇవ్వండి; మొత్తం వంద గళ్లూ కలిస్తే ఒకటి. రంగు వేయకముందే ఏది పెద్దదో పక్కన రాయించండి. ఈ మెట్టు వదలొద్దు. ముందుగా ఒక మాటకు కట్టుబడితేనే తర్వాత కనిపించేదానికి ఆశ్చర్యపోతారు. 0.8కి 80 గళ్లు నిండుతాయి, 0.35కి 35 మాత్రమే. 0.625కి 62 గళ్లు నిండి, ఇంకో గడిలో సగం నిండుతుంది. రూపాయలు, పైసలతో చెబితే సులువని చాలామంది అంటారు. నా అనుభవంలో అది సగం దూరమే తీసుకెళ్తుంది. 0.8 రూపాయిని 8 పైసలు అనే పిల్లలు ఉంటారు. 0.625 దగ్గరికొస్తే పైసలు చేతులెత్తేస్తాయి. మీటరు బద్ద మేలు. 0.625 మీటరంటే 62 సెంటీమీటర్ల 5 మిల్లీమీటర్లు, వేలు పెట్టి చూపించొచ్చు.

52లోంచి 27 తీసేసి 35 రాసే పిల్లల దగ్గర కూడా ఇలాగే ఒక నియమం ఉంటుంది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తారు, 7లోంచి 2 పోతే 5. "సరిగ్గా చెయ్యి" అంటే వాళ్లకు ఏమీ తెలియదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో వాళ్లు సరిగ్గానే చేశారు. పది పుల్లల కట్టలు చేతికిచ్చి, రెండు విడి పుల్లల్లోంచి ఏడు తీయమనండి. కట్ట విప్పాలని వాళ్లే అంటారు.

సమస్య 2: "అర్థమైందా?" అంటే అందరూ "అయ్యింది టీచర్" అంటారు, లఘు పరీక్షలో మాత్రం సున్నాలు

కారణం సగం మన దగ్గరే ఉంది. ఆ ప్రశ్నకు అవునని తప్ప ఇంకో జవాబు చెప్పే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు. రెండోది, జవాబు కోసం మనం ఆగము. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతుల రికార్డింగులు పరిశీలించి, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించింది. మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగిన చోట జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. నేను మనసులో అయిదు అంకెలు లెక్కపెడతాను. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగా ఉండింది.

"అర్థమైందా?" బదులు ఒక చిన్న లెక్క ఇచ్చి అందరి చేతా పలక మీద రాయిస్తున్నాను. "మూడు" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే ముందు బెంచీ జవాబే వెనక్కి పాకుతుంది. పలకలు లేకపోతే నోట్‌బుక్ చివరి పేజీ చాలు.

సమస్య 3: తప్పులు దిద్ది ఇచ్చినా పిల్లలు చూడరు

పేపరు చేతికి రాగానే "నీకెన్ని?" అని పక్కవాడిని అడిగి, మడిచి బ్యాగులో పెట్టేస్తారు. మనం రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రాసిన ఎర్ర అక్షరాలు అందులోనే ఉండిపోతాయి.

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ పిల్లలతో చేసిన అధ్యయనం చదివాక నాకు కారణం తెలిసింది. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. మార్కు కంటపడగానే పిల్లల దృష్టి పనిమీంచి పోలిక మీదికి వెళ్లిపోతుంది.

అందుకని మార్కులు ముందు నా రిజిస్టరులోనే ఉంచుకుంటాను. పేపరు మీద తప్పు మొదలైన వరుస పక్కన ఒక చుక్క, ఒక చిన్న ప్రశ్న. "గుడ్", "ఇంకా శ్రద్ధ పెట్టాలి" లాంటివి రాయడం మానేశాను, వాటిని చదివి పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. "3వ మెట్టులో మైనస్ గుర్తు అవతలికి వెళ్లాక ఏమైంది?" అని రాస్తే చేయగలదు. పేపర్లు ఇచ్చిన పీరియడులోనే పదిహేను నిమిషాలు దిద్దుకోవడానికి ఇవ్వాలి. ఇంటికి పంపితే ఎవరూ దిద్దరు. మార్కులు రెండు రోజుల తర్వాత చెబుతాను. తల్లిదండ్రులు మొదట్లో "మార్కులేవి టీచరమ్మా?" అని అడిగారు. దిద్దుకున్న పేపరు చూపించి ఇద్దరు ముగ్గురికి వివరిస్తే ఆ మాట ఊళ్లో వాళ్లే చెప్పుకున్నారు.

సమస్య 4: లఘు పరీక్షలో 20కి 18, ఎస్‌ఏలో (టర్ము చివరి పెద్ద పరీక్షలో) అదే పాఠం ఖాళీ

పాఠం అయిన మర్నాడే పెట్టిన పరీక్ష నిన్నటి జ్ఞాపకాన్ని కొలుస్తుంది. వదిలేస్తే మరుపు ఎంత వేగంగా వస్తుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగం చేసుకుని చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా చదివింది చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.

పరిష్కారం చిన్నది. పీరియడు మొదట్లో బోర్డు మూలన మూడు లెక్కలు: నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన వారంలోంచి ఒకటి, పోయిన నెలలోంచి ఒకటి. పుస్తకం తెరవకూడదు. మార్కుల్లేవు, అయిదు నిమిషాలు.

సమస్య 5: ఏమీ రాని పిల్ల

నిజంగా ఏమీ రాదా? నా తరగతిలో తండా నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం. రాత లెక్కల్లో పేపరు తెల్లగా ఇచ్చేది. ఒకరోజు పక్కన కూర్చుని అదే లెక్కను తెలుగులో, చిన్న మాటల్లో చదివి వినిపించాను. చేసేసింది. సున్నా మార్కు ఆమె ఇంగ్లీషును కొలిచిందే కానీ, లెక్కను కొలవలేదు. పాఠ్యపుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఎలాగూ ఉన్నాయి. పరీక్ష పేపర్లోనూ కష్టమైన మాట పక్కన తెలుగు మాట రాస్తే తప్పేముంది?

ఒంటరిగా చేయగలిగిన దానికీ, సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న దూరాన్నే వైగోట్‌స్కీ సమీప వికాస మండలం అన్నాడు. నేర్పాల్సింది అక్కడే. మార్కుల రిజిస్టరులో ఆ దూరానికి గడి లేదు, అందుకే నా నోట్‌బుక్‌లో మూడు గుర్తులు పెట్టుకున్నాను. తనంతట చేస్తే "త", ఒక్క ఊతంతో చేస్తే "ఊ", చేసి చూపిస్తేనే చేస్తే "చూ". నెల తర్వాత "చూ" కాస్తా "ఊ" అయితే, మార్కు మారకపోయినా ఆ పిల్ల ఎదిగిందని నాకు తెలుస్తుంది. ఆ సంగతి ఆ పిల్లకు కూడా చెబుతాను.

సమస్య 6: ప్రాజెక్టులన్నీ ఒకేలా ఉంటాయి

చార్టు అందానికి మార్కులు వేసినంత కాలం గైడులోంచి దించిన ప్రాజెక్టులే వస్తాయి. రాసిందానికి సగం, రెండు నోటి ప్రశ్నలకు సగం అని ముందే చెప్పండి. "ఈ కొలత ఎక్కడ తీశావు?" అని అడిగితే చాలు.

నలభై అయిదు మందితో ఇవన్నీ కుదురుతాయా?

అన్నీ ఒకేసారి కుదరవు. నేను ఒకే తరగతితో, ఒకే పాఠంతో మొదలుపెట్టాను. దిద్దేటప్పుడు పేపర్లను మార్కుల వరసలో పేర్చడం మానేసి, తప్పు రకాన్ని బట్టి దొంతరలు పెట్టాను. దశాంశాల పేపర్లు మూడు దొంతరలయ్యాయి: పూర్ణాంకాల నియమం వాళ్లు, పొడవు పెరిగితే చిన్నదనేవాళ్లు, ఆలోచన సరిగ్గా ఉన్నవాళ్లు. మర్నాడు మొదటి దొంతర పిల్లలకు గళ్ల కాగితాలు, రెండో దొంతరకు మీటరు బద్దలు. మూడో దొంతరవాళ్లకు ఒకటే పని ఇచ్చాను: 0.4కీ 0.5కీ మధ్య ఉండే సంఖ్యలు ఎన్ని రాయగలరో రాయండి. గంట కొట్టినా వాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు.