ప్లాస్మా కట్టర్‌కి కంప్రెసర్: ట్యాంకు కన్నా ముందు గాలి లెక్క

కంప్రెసర్ గాలితో లోహాన్ని కోసే 40 ఆంపియర్ల ప్లాస్మా కట్టర్ కోత మధ్యలో ఆరిపోతుంటే, టార్చ్‌ని అనుమానించే ముందు గాలి లెక్క చూడండి. ఈ సైజు మెషిన్లు చాలావరకు 4.5–5 బార్ దగ్గర నిమిషానికి 120–150 లీటర్లు తీసుకుంటాయి. 100 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 5కి దిగేలోపు ఇచ్చేది మామూలు గాలి లెక్కలో 300 లీటర్లే, అంటే రెండు నిమిషాల కోత. ఆ తర్వాత భారమంతా పంపు మీదే.

కంప్రెసర్ మీద రాసే సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) చాలాసార్లు పిస్టన్ సైజు, వేగాలను బట్టి కట్టిన లెక్క. బయటికొచ్చేది అందులో సుమారు మూడింట రెండు వంతులు. అందుకే షాపులో ఎఫ్‌ఏడీ (నిజంగా బయటికొచ్చే గాలి) ఎంతో అడగండి. అది 7 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి దాదాపు 200 లీటర్లు ఉంటే నిశ్చింత. 2 హెచ్‌పీ బెల్టు రకాల్లో ఆ దగ్గరకు వచ్చేవి ఉంటాయి. 1 హెచ్‌పీది వద్దేవద్దు.

కావలి, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో అసలు శత్రువు తేమ. గాలితో నీళ్లు వస్తే టార్చ్‌లోని ఎలక్ట్రోడ్ కొనలో ఉండే హాఫ్నియం అనే లోహం తొందరగా గుంటపడుతుంది, నాజిల్ రంధ్రం గుండ్రం తప్పుతుంది, కోత పక్కకు వాలుతుంది. వాటర్ సెపరేటర్‌ని కంప్రెసర్‌కే బిగిస్తే లాభం లేదు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉండి నీరు ఆవిరిగానే దాటిపోతుంది. 8–10 మీటర్ల పైపు తర్వాత, కట్టర్ దగ్గర పెట్టండి. ట్యాంకు అడుగు వాల్వు రోజూ తిప్పి నీళ్లు వదలండి.

రెగ్యులేటర్ ప్రెషర్‌ని మాత్రం టార్చ్‌లో గాలి పారుతున్నప్పుడే సెట్ చేయాలి. ఆగి ఉన్నప్పుడు 5 చూపించే ముల్లు, సన్నగొట్టం ఉంటే కోతలో 3కి పడిపోతుంది.