పికప్ వెనుక కమాన్ కట్టలకు అదనపు పట్టీ వేసుకోవడం ఎలా?

విశాఖ చేపల రేవులో ఐసు పెట్టెలు మోసే పికప్‌ల కమాన్ కట్టలపై (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులపై) ఉప్పునీరు కారుతూనే ఉంటుంది కనుక, ఇక్కడి బండ్లలో పట్టీల మధ్య తుప్పు పేరుకొని అవి బిగుసుకుపోవడం పరిపాటి. అందుచేత బండి వెనుక భాగం కుంగినట్లు తోచగానే పట్టీ కొనకుండా, ఖాళీ బండిని సమతలంపై నిలిపి, చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు వరకు రెండు వైపులా కొలవాలి. ఒక వైపు బాగా తక్కువగా ఉంటే అక్కడ పట్టీ విరిగి ఉండవచ్చు. అటువంటప్పుడు కట్టలను జతగా మార్చడమే మేలు. రెండు వైపులా సమానంగా ఉండి, సరుకు ఎక్కించినప్పుడే కుంగుతుంటే హెల్పర్ పట్టీ, అంటే కట్టలో చేర్చే అదనపు పట్టీ, సరిపోతుంది.

అయితే పట్టీ కలిపినంత మాత్రాన ఆర్‌సీలోని బరువు పరిమితి పెరగదు, ఎందుకంటే యాక్సిల్, బ్రేకులు, టైర్లు పాతవే. పరిమితి దాటితే 2019 సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ప్రతి అదనపు టన్నుకు మరో 2,000 రూపాయలు జరిమానా ఉంటుంది.

ముందురోజు సాయంత్రమే నట్లన్నింటికీ తుప్పు వదిలించే నూనె కొట్టాలి. వాలు వీధులున్న ఈ నగరంలో సమతలమైన గట్టి గచ్చు దొరకడమే సగం పని. ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, వెనుక చక్రాల నట్లు వదులు చేసి, బండిని లేపి ఛాసిస్ కింద స్టాండ్లు నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరరాదు. రెండో జాకీని యాక్సిల్‌కు ఆనించి, షాక్ అబ్సార్బర్ కింది బోల్టును, ఆపై యూ బోల్టులను (కట్టను యాక్సిల్‌కు బిగించే U ఆకారపు బోల్టులను), చివరకు షాకిల్ పిన్నులను (కట్ట కొనలను ఛాసిస్‌కు కలిపేవాటిని) విప్పి కట్టను దించాలి. యాక్సిల్ దిగేటప్పుడు బ్రేకు గొట్టం సాగకుండా చూసుకోవాలి. ఒక్కో వైపు పని పూర్తి చేసుకుంటూ వెళ్లాలి.

అసలు ప్రమాదం పట్టీలన్నింటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు వద్ద ఉంది. పట్టీలు ఒత్తిడిలో ఉంటాయి కనుక, బోల్టుకు రెండు పక్కలా సీ క్లాంపులు బిగించిన తరువాతే దాన్ని విప్పి, ఆపై క్లాంపులను కొద్దికొద్దిగా వదలాలి. తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి, కొత్త పట్టీని పొడవు వరుసలో చేర్చి, పొడవైన కొత్త సెంటర్ బోల్టు వేయాలి. దాని తల యాక్సిల్ సీటు రంధ్రంలో కూర్చోకపోతే యాక్సిల్ వంకరగా నిలుస్తుంది. పాత యూ బోల్టుల మరలు సాగి ఉంటాయి కాబట్టి, అవి చూడటానికి బాగానే ఉన్నా తిరిగి వాడరాదు. కొత్తవాటిని మూలమూలకు మార్చుకుంటూ, మాన్యువల్‌లోని టార్క్ (బిగింపు బలం) వరకు దఫాలుగా బిగించాలి.

షాకిల్ బోల్టుల తుది బిగింపు మాత్రం బండి చక్రాలపై నిలిచిన తరువాతే చేయాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలిపడి త్వరగా చిరుగుతాయి.

మొదటి 100 కిలోమీటర్ల తరువాత యూ బోల్టులను మళ్లీ బిగించాలి. వెనుక ఎత్తు మారితే హెడ్‌లైట్ల వెలుగు కిందికి దిగుతుంది కనుక దాన్ని సరిచేయాలి. యాక్సిల్‌కు కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉన్న బండిలో, ఎత్తు పెరిగితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకొని వెనుక బ్రేకుల పట్టు తగ్గిస్తుంది. అరకు ఘాట్ నుంచి కూరగాయలు దించే వారు మెకానిక్ చేత దాన్ని సర్దించుకున్నాకే బండిలో బరువు వేయాలి.