హౌస్ ఆఫ్ ది డెడ్: తూటాల లెక్క తప్పితే కార్డులో డబ్బు గోవిందా

హైదరాబాద్ మాల్స్ గేమ్ జోన్లలో తుపాకీతో ఆడే ఈ జాంబీ ఆట దొరికితే, కార్డు గీకాక మొదటి ఒకటి రెండు తూటాలు తెరలో కనిపించే గోడమీద కాల్చి చూడండి. గురి పక్కకు పోతుంటే తప్పు మీ చేతిది కాదు, గన్ క్యాలిబ్రేషన్‌ది, అంటే గురి సర్దుబాటుది. అక్కడి కుర్రాడికి చెప్పి సరిచేయించుకోండి.

జపాన్ గేమ్ కంపెనీ సెగా 1990ల్లో తెచ్చిన మొదటి భాగంలో ఒక నింపుకి 6 తూటాలే. తెర బయటికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే మళ్లీ నిండుతాయి. చాలామంది ఖాళీ అయ్యేదాకా ఆగుతారు, ఆ అరసెకనులోనే గొడ్డలి దిగుతుంది. రెండు మిగిలినప్పుడే, జాంబీల మధ్య ఖాళీ చూసి నింపేయాలి. చేయంతా ఊపక్కర్లేదు, మణికట్టు తిప్పి గురి తెర అంచు దాటిస్తే చాలు. నాలుగో భాగంలో మాత్రం గన్‌ని ఊపితే నిండుతుంది.

మొదటి భాగంలో తెల్లకోటు కనబడగానే కాల్చకండి, వాళ్లు మనుషులు! పొరపాటున తగిలితే ఒక ప్రాణం పోతుంది. బాస్ (దశ చివర్లో వచ్చే పెద్ద శత్రువు) వచ్చేముందు తెరమీద వాడి బలహీనమైన చోటు బొమ్మ చూపిస్తారు. అది చదవకుండా ఒళ్లంతా కాలిస్తే తూటాలు దండగే.