రూట్ లేకుండా డిస్ట్‌సీసీ: పోర్టు తెరిచే ముందు

ప్రాజెక్ట్ సబ్మిషన్ దగ్గర పడిందంటే ల్యాబ్‌లో అందరి కళ్లూ ఖాళీ మెషీన్ల మీదే. బిల్డ్‌ని (కోడ్ కంపైల్ చేసే పనిని) వాటికి పంచితే పోలా? పంచొచ్చు, రూట్ (అడ్మిన్ హక్కులు) అక్కర్లేదు. కంపైల్ పనిని వేరే మెషీన్లకు పంచే డిస్ట్‌సీసీని సోర్సు నుంచి బిల్డ్ చేసి, ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) మీ హోమ్ డైరెక్టరీ ఇస్తే చాలు. (ఇలాంటిదే ఐస్‌క్రీమ్ అనే ఇంకో టూల్ ఉంది, దాని జోలికి పోకండి. బయటి పనుల్ని అది క్రూట్‌లో, అంటే మిగతా సిస్టమ్ కనిపించని విడి డైరెక్టరీలో నడుపుతుంది, దానికి రూట్ ఉండాలి.) రూట్ లేదు కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. తేడా వస్తే పోయేది మీ అకౌంటే.

ముందు పోర్టు సంగతి. డీమన్‌గా (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్‌గా) నడిపితే మామూలుగా 3632 మీద వింటుంది. అక్కడ పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. ఐపీ అడ్రస్ చూసి లోపలికి రానిస్తుంది. కంపైల్ పని ముసుగులో ఏ కమాండ్ పంపినా నడిపేసే లోపం భద్రతా లోపాల జాబితా సీవీఈలో సీవీఈ-2004-2687గా ఎప్పుడో రికార్డయింది. తర్వాత అనుమతించిన కంపైలర్ల జాబితా వచ్చింది, కానీ అది అడ్డొస్తోందని ఇన్‌సెక్యూర్ ఆప్షన్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మీరు ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న రిమోట్ లాగిన్) దారిన పోండి. హోస్ట్ పేరు ముందు @ పెడితే అటువైపు డీమన్ నిలబడి ఉండక్కర్లేదు, పని వచ్చినప్పుడే లేస్తుంది. 'కమాండ్ దొరకలేదు' అంటే కంగారు పడకండి. ఆ షెల్‌కి మీ పాత్ (ప్రోగ్రాములు వెతికే చోట్ల జాబితా) తెలియదు, హోస్ట్ పేరు తర్వాత కోలన్ పెట్టి ప్రోగ్రామ్ పూర్తి పాత్ రాయండి. ఏజెంట్ ఫార్వర్డింగ్ (మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు పట్టుకునే ఏజెంట్‌ని అటువైపుకి అందించడం) మాత్రం ఆన్ చేయొద్దు, అక్కడ రూట్ ఉన్నవాళ్లు మీ ఏజెంట్‌ని వాడుకోగలరు.

అసలు తలనొప్పి కంపైలర్. ఒకసారి నాలుగు మెషీన్లు కలిపాక బిల్డ్ ఇంకా నెమ్మదించింది, నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది. చూస్తే నా దగ్గర జీసీసీ కంపైలర్ వెర్షన్ 11, అక్కడ 9. ప్రీప్రాసెసింగ్ (హెడర్లని ఫైల్లో కలిపే పని) ఇక్కడే జరుగుతుంది కాబట్టి 11 హెడర్లు మింగిన ఫైలు 9కి వెళ్లి, అరగక తిరిగొస్తోంది. డిస్ట్‌సీసీ దాన్ని మళ్లీ నా మెషీన్ మీదే కంపైల్ చేస్తోంది. అందుకే మొదటి రోజు డిస్ట్‌సీసీ_ఫాల్‌బ్యాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 0 చేసి పరీక్షించండి, తప్పు మొహం మీదే కనిపిస్తుంది. ఉత్త జీసీసీ అని కాకుండా వెర్షన్ నంబర్‌తో పిలవండి. కంపైలర్ ఆప్షన్లలో మార్చ్=నేటివ్ ఉంటే తీసేయండి, అది ఏ మెషీన్ మీద నడిస్తే ఆ ప్రాసెసర్‌కే కోడ్ రాస్తుంది.

ఆ మెషీన్లు మీవి కావు. హోస్ట్ పక్కన స్లాష్ పెట్టి ఒకేసారి ఎన్ని పనులు పంపాలో 2 అనో 4 అనో హద్దు రాయండి. క్లస్టర్ లాగిన్ నోడ్‌ని (అందరూ లాగిన్ అయ్యే మెషీన్‌ని) అసలు కలపొద్దు, అడ్మిన్‌కి ముందే ఒక మెయిల్ పెట్టండి. తిరిగొచ్చే ఆబ్జెక్ట్ ఫైళ్లలో ఏముందో ఎవరూ చూడరు కాబట్టి బయటికిచ్చే రిలీజ్ బిల్డ్ సొంత మెషీన్ మీదే చేసుకోండి. పని అయ్యాక ఆ మెషీన్ల ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో (ఏ ఎస్‌ఎస్‌హెచ్ కీలకి ప్రవేశం ఉందో చెప్పేది) మీరు పెట్టిన లైను తీసేసి రండి.