ప్రాసెసర్ బిగించే ముందు

కంప్యూటర్ ప్రాసెసర్ హన్మకొండలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, సీల్ తీయకముందే సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు సరిచూడండి. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 సాకెట్ ప్రాసెసర్ ఏఎండీ వారి ఏఎం5 సాకెట్ బోర్డులో కూర్చోదు. పాత బోర్డైతే దాని బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) వెర్షన్ కూడా కనుక్కోండి.

• బల్ల మీదే పని పెట్టుకోండి. మన కొత్తవాడ జంపఖానా ఎంత మెత్తగా ఉన్నా దాని మీద బోర్డు పెట్టొద్దు, నూలు పోగులు పిన్నుల్లో చిక్కుకుంటాయి.

• గదిలో ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలం చెమట పడుతుంది, చేతులు తుడుచుకుని, ఏదైనా పెద్ద లోహపు వస్తువును ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోగొట్టుకోండి.

• ప్రాసెసర్‌ను అంచులతోనే పట్టుకోండి. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, ఏఎం5, ఎల్‌జీఏ 1700లలో సాకెట్‌లో ఉంటాయి. వెంట్రుకంత సన్నటివి. ఒక్కటి వంగినా ర్యామ్ సగమే కనిపించవచ్చు, అసలు ఆన్ కాకపోవచ్చు. మూలనున్న చిన్న త్రిభుజం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలిపి, మెల్లగా వదలండి. దానంతటదే కూర్చోవాలి, వేలితో నొక్కొద్దు.

• ఎల్‌జీఏ సాకెట్ లివర్ (ప్రాసెసర్‌ను బిగించే కమ్మీ) దించేటప్పుడు మాత్రం కాస్త బలం కావాలి, కిర్రుమంటుంది కూడా. అక్కడ టెన్షన్ పడకండి. సాకెట్ మీంచి ఊడివచ్చే ప్లాస్టిక్ మూత దాచుకోండి, బోర్డును వారంటీకి పంపాల్సి వస్తే అడుగుతారు.

• ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే ఇప్పుడే తీసేయండి.