రిలేలో బ్యాటన్ పడినా గొడవ లేకుండా: 6, 7, 8 తరగతులకు 4×50 నేర్పడం

4×50 రిలే అంటే నలుగురు తలా 50 మీటర్లు పరిగెడుతూ, బ్యాటన్ అనే పొట్టి కర్రను ఒకరి చేతి నుంచి ఒకరికి అందించే పరుగు. అందులో ఓడిన జట్టు మొదట వెతికేది బ్యాటన్ ఎవరు పడేశారా అని. క్రీడాస్ఫూర్తి గురించి ఎంత చెప్పినా ఆ వెతుకులాట ఆగదు. జట్లు వేసే తీరూ, గెలుపు లెక్కించే తీరూ మారిస్తే చాలావరకు ఆగుతుంది. 32 మంది పిల్లలకు 40 నిమిషాల పీరియడ్లు రెండు చాలు.

మొదటి పీరియడ్‌లో ఇద్దరిద్దరిని 50 మీటర్లు పరిగెత్తించి టైము రాసుకోండి, పైకి చదవకండి. వేగం ప్రకారం 1 నుంచి 32 వరకు వరుస పెట్టి ఎనిమిది జట్లు చేయండి: ఒకటో జట్టుకు 1, 16, 17, 32, రెండోదానికి 2, 15, 18, 31, ఇలా ఎనిమిదోదానికి 8, 9, 24, 25. ఏ జట్టు వరుస సంఖ్యలు కూడినా 66 వస్తుంది. కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినే ఎంచుకోమనడం మాత్రం వద్దు. చివరిదాకా మిగిలిపోయిన పిల్లకు ఆట మొదలవకముందే ఓటమి తెలిసిపోతుంది.

మిగతా సమయమంతా బ్యాటన్ మార్పిడికే. మొదటివాళ్లు కుడిచేత్తో, రెండోవాళ్లు ఎడమచేత్తో, తర్వాత మళ్లీ కుడి, ఎడమ. బ్యాటన్‌ను చేయి మార్చుకోకూడదు. అందుకునేవాళ్లు చేయి నడుము ఎత్తులో వెనక్కి చాచి, అరచేయి కిందికి తిప్పి, బొటనవేలు విడదీసి ఉంచాలి. ఇచ్చేవాళ్లు కింది నుంచి పైకి ఆ సందులో పెట్టాలి. ఈ పద్ధతి తేలికే కానీ ఒక చిక్కుంది: మార్పిడి జరిగిన ప్రతిసారీ పట్టు బ్యాటన్ పైకొనకు జరుగుతుంది, నాలుగోవాళ్లకు పట్టుకోవడానికి జాగా మిగలదు. అందుకే మొదటివాళ్లు అడుగుకొన పట్టుకోవాలి, అందుకునేవాళ్ల చేయి ఇచ్చేవాళ్ల చేతికి ఆనుకునేంత దగ్గరగా పడాలి. ముందు నిలబడి, తర్వాత నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరిగెడుతూ చేయించండి.

వెనక్కి చూస్తూ అందుకోవడం పిల్లలందరూ చేసే పొరపాటు. తల తిరిగితే వేగం పడిపోతుంది. దీనికి మందు నేల మీద గీత. అందుకునేవాళ్లు నిలబడ్డచోటు నుంచి వెనక్కి 12 పాదాలు కొలిచి సున్నంతో గీత గీయండి. ఇచ్చేవాళ్ల కాలు ఆ గీత దాటగానే అందుకునేవాళ్లు ముందుకు చూస్తూ పరుగెత్తాలి, "ఇదిగో" అని వినపడ్డాకే చేయి చాచాలి. వెనకవాళ్లు వచ్చి ఢీకొంటే బయల్దేరడం ఆలస్యమైనట్టు, గీతను రెండు పాదాలు వెనక్కి జరపండి. అందుకోలేకపోతే తొందరపడినట్టు, దగ్గరకు తెండి.

రెండో పీరియడ్ పోటీకి నాలుగు లేన్లు. లేన్ వెడల్పు ఒక మీటరైతే, పూర్తి రౌండుకు బయటి లేన్ ఒక్కోటీ దాదాపు 6.3 మీటర్లు ఎక్కువ, స్టార్టు అంత ముందుకు జరపాలి. మార్పిడి జోన్లను, అంటే బ్యాటన్ చేతులు మారాల్సిన హద్దులను, ప్రతి లేన్‌లో విడిగా కొలవండి. నాలుగు జట్లు పరిగెడుతుంటే మిగతా 16 మంది అంపైర్లు: మూడు జోన్లలో లేన్‌కు ఒకరు చొప్పున 12 మంది, ఫినిష్ దగ్గర స్టాప్‌వాచ్‌లతో నలుగురు. సక్రమంగా జరిగితే తెల్లజెండా, జోన్ బయట మారితే ఎర్రజెండా. చూడాల్సింది బ్యాటన్ ఎక్కడుందన్నదే, కాళ్లు ఎక్కడున్నాయన్నది కాదు. వాళ్ల నిర్ణయాన్ని మీరు మార్చకండి. తర్వాత వాళ్లే పరిగెడతారు కాబట్టి జెండా ఎత్తడం ఎంత కష్టమో ఇరువైపులా తెలుస్తుంది.

పడిన బ్యాటన్‌ను పడేసినవాళ్లే తీయాలి, పక్క లేన్‌వాళ్లకు అడ్డురాకుండా. అది అందుకునేవాళ్ల ఒక్కరి చేతిలోకే పూర్తిగా వచ్చేదాకా బాధ్యత ఇచ్చేవాళ్లది. ఈ నియమం ముందే చెబితే అక్కడ వాదనకు చోటుండదు. పోటీ అయ్యాక ఆ ఇద్దరినీ పిలిచి, ఎవరికి వారు తమ చేయి ఏం చేసిందో మాత్రమే చెప్పమనండి: "నేను చేయి ఊపాను", "నేను ముందే వదిలేశాను". ఎదుటివాళ్ల పేరు ఎత్తకూడదు. విన్న వెంటనే అదే మార్పిడిని అక్కడే రెండుసార్లు చేయించండి.

గెలుపు ఇలా లెక్కించండి: నలుగురి 50 మీటర్ల టైములు కూడి అందులోంచి రిలే టైము తీసేయండి. 8.6, 9.0, 9.2, 9.8 కలిపితే 36.6 సెకన్లు. రిలే 35.4లో ముగిస్తే లాభం 1.2. ఎక్కువ లాభం వచ్చిన జట్టుదే మొదటి స్థానం. ముగ్గురు కదులుతూ బ్యాటన్ అందుకుంటారు కాబట్టి లాభం రావాలి. రాలేదంటే జోన్లలో ఆగిపోతున్నట్టే, ఆ జట్టును మళ్లీ గీతల దగ్గరకు పంపండి.