ఉల్లిపొరలో రిక్తికను కళ్లారా చూడాలంటే

బాగా ఎదిగిన మొక్క కణంలో 80 నుంచి 90 శాతం దాకా చోటు రిక్తికదే (వాక్యూల్, అంటే కణం లోపలి నీటి సంచి). అయినా ల్యాబ్‌లో చాలామంది దాన్ని చూడకుండానే రికార్డులో బొమ్మ గీసేస్తారు, ఎందుకంటే అందులో ఉండే కణరసం నీళ్లలా ఉంటుంది, రంగు లేకపోతే కంటికి ఆనదు. అందుకే తెల్ల ఉల్లి వద్దు, ఊదారంగుది తీసుకోండి. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్ రిక్తికలోనే కరిగి ఉంటుంది.

ఎండు పొట్టు తీసేసి, కండగల రేకు ఒకటి విడదీసి, దాని ఉబ్బెత్తు వైపు నుంచి రంగున్న పల్చటి పొరను ఫోర్సెప్స్‌తో మెల్లగా లాగండి (లోపలి వైపు పొర సులువుగానే వస్తుంది కానీ దానికి రంగుండదు). స్లైడ్ మీద నీటిచుక్కలో మడతపడకుండా పరిచి కవర్ స్లిప్ పెట్టండి. సాఫ్రనిన్, అయోడిన్ లాంటి రంగులు వెయ్యొద్దు, కణం చచ్చిపోతే అసలు తమాషా జరగదు.

మైక్రోస్కోప్‌లో ముందు కణమంతా రంగు నిండినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు 100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలిపి, కవర్ స్లిప్ ఒక అంచున చుక్క వేసి, రెండో అంచున టిష్యూ పేపర్ ఆనించండి, ఉప్పునీరు దానంతటదే కిందికి పాకుతుంది. కొద్ది నిమిషాల్లో రంగు కణకవచాన్ని (కణం చుట్టూ ఉండే గట్టి గోడను) వదిలి లోపలికి ముడుచుకుని చిక్కబడుతుంది. నీళ్లు బయటికి పోయాయి, ఆంథోసయనిన్ మాత్రం రిక్తిక చుట్టూ ఉండే టోనోప్లాస్ట్ పొర దాటలేక లోపలే చిక్కుకుపోయింది, అంతే. వెంటనే అదే పద్ధతిలో మంచినీళ్లు పంపితే రిక్తిక మళ్లీ ఉబ్బి, సైకిల్ ట్యూబు టైరును నొక్కినట్టు కణకవచాన్ని లోపలి నుంచి నొక్కుతుంది. లేత ఆకులు నిటారుగా నిలబడేది ఈ ఒత్తిడితోనే, నీళ్లు తగ్గితే వాడిపోయేదీ ఇది తగ్గడం వల్లే.

జంతు కణం సంగతా? బుగ్గ కణాల్లో రిక్తిక కోసం వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. జంతు కణాల్లో అవి ఉన్నా చిన్నవి, చాలావరకు తాత్కాలికం, కణాన్ని నిలబెట్టే పని వాటికి లేదు. దానికి బదులు చెరువు నీటిలో పారమీషియం పట్టండి, అది జంతువు కాదు, ఏకకణ జీవి, కానీ కణకవచం లేని కణం నీళ్లతో ఏం తంటాలు పడుతుందో బాగా చూపిస్తుంది. ఒంట్లోకి చేరే నీటిని సంకోచ రిక్తికలు నింపుకుంటూ బయటికి తోడేస్తుంటాయి, అవి ఆగితే కణం పగిలిపోతుంది. పారమీషియం పరుగు ఆపట్లేదా? చుక్కలో నాలుగు దూది పోగులు వెయ్యండి, వాటి మధ్య ఇరుక్కుంటుంది.